సైకిలుకు కొత్త టార్చి: గుంతలో పడ్డా ఆరనిది ఎలా ఎంచుకోవాలి

సైకిలు హ్యాండిల్‌కు కట్టిన టార్చి ఎక్కువగా ఆరిపోయేది స్పీడ్ బ్రేకర్ మీదో, గుంతలోనో. వెలుతురు తప్పనిసరిగా కావలసిన చోటే చేతులెత్తేస్తుంది. చార్జింగ్ అయిపోయిందేమో అనుకుంటూ ఇంటికొచ్చి నొక్కితే ఏమీ ఎరగనట్టు వెలుగుతుంది. విసుగొచ్చి తిరుపతిలోనో చిత్తూరులోనో ఎలక్ట్రికల్ అంగడికి వెళ్తే అడిగే ప్రశ్న ఒకటే: 'దీనికంటే పవర్ ఎక్కువున్నది ఉందా?' ఉంటుంది. పెట్టె మీద ఇంకా పెద్ద అంకె ఉంటుంది. లోపలి స్ప్రింగు, స్విచ్చి, సర్క్యూటు మాత్రం పాత రకానివే. నెల తిరక్కుండా కథ మళ్లీ మొదలు.

టార్చిని ముందు కుదుపుతో కొలిచి, ఆ తర్వాతే వెలుతురు సంగతి చూస్తే అంగట్లో కనిపించే వాటిలో చాలా రకాలు అక్కడే తేలిపోతాయి.

పాతది నిజంగా పోయిందా?

కొత్తది కొనే ముందు ఐదు నిమిషాలు పాతదానికి ఇవ్వండి. వెనక మూత విప్పండి. లోపల సెల్లు మైనస్ వైపు కనిపిస్తుంది. చిన్న వైరు ముక్క తీసుకుని ఒక కొనను సెల్లు మైనస్‌కు, రెండో కొనను గొట్టం అంచుకు తాకించండి. రంగు పూత ఉన్న చోట కరెంటు పారదు, కాబట్టి తెల్లగా మెరిసే అంచుకే తాకించాలి. టార్చి వెలిగిందంటే బల్బు, సర్క్యూటు బాగానే ఉన్నాయి, తప్పు వెనక మూతలో ఉంది. మూత లోపల రెండు చిన్న గుంటలున్న రింగు ఒకటి స్విచ్చిని పట్టి ఉంచుతుంది. కుదుపులకు వదులయ్యేది ఎక్కువగా అదే. సన్నమూతి పట్టకారు కొనలు ఆ గుంటల్లో పెట్టి బిగించండి. మరలను, గొట్టం అంచును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. అంచు నల్లబడి ఉంటే నున్నటి గరుకు కాగితంతో ఒక చుట్టు రుద్దితే చాలు. అయినా స్విచ్చి పని చేయకపోతే స్విచ్చి ఒక్కటే మార్చుకోవచ్చు.

వైరు పెట్టినా వెలగకపోతే మీటరుతో సెల్లు వోల్టేజి చూడండి. 3.5 వోల్టుల పైన చూపిస్తూ కూడా టార్చి వెలగలేదంటే సర్క్యూటో బల్బో పోయినట్టు. అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించాలి.

రెండు పిన్నులు నేరుగా కరెంటు ప్లగ్గులో పెట్టి చార్జి చేసే టార్చి అయితే బాగుచేసే ఆలోచన వద్దు. వాటిలో చాలావాటికి లోపల 4 వోల్టుల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. పూర్తిగా ఖాళీ చేసి రెండు నెలలు మూల పడేస్తే ప్లేట్లు పాడై చార్జి నిలవదు. పైగా బరువు. పొలం దగ్గర మోటారు వేయడానికి వెళ్లేటప్పుడు పనికొస్తుంది కానీ హ్యాండిల్ మీద నిలవదు.

కుదుపుకు ఎందుకు ఆరుతుంది

టార్చిలలో ఎక్కువగా వాడే లిథియం సెల్లు 18650. అంటే 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు. దాని బరువు 45 నుంచి 50 గ్రాములు. సైకిలు గుంతలో దిగి ఎగిరినప్పుడు ఆ బరువు గొట్టంలో ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ఒక వైపే స్ప్రింగు ఉండి రెండో వైపు ఉత్త రేకు ఉంటే, సెల్లు స్ప్రింగును నొక్కిన క్షణంలో రేకును వదిలేస్తుంది. కరెంటు తెగేది కనురెప్ప పాటు కూడా కాదు. గొడవంతా ఆ తర్వాతే.

వెనక నొక్కుడు స్విచ్చి ఉన్న టార్చిలో స్విచ్చిని సగం నొక్కి వదిలితే వెలుతురు స్థాయి మారుతుంది. సర్క్యూటుకు తెలిసేది కరెంటు కాసేపు తెగి వచ్చిందని మాత్రమే. తెంచింది మీ వేలో, రోడ్డు మీది గుంతో దానికి తెలియదు. అందుకే స్పీడ్ బ్రేకర్ దాటగానే లైటు ఉన్నట్టుండి మసకబారుతుంది, లేదా టపటపా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. పక్కన మెత్తటి ఎలక్ట్రానిక్ బటన్ ఉండే టార్చిల్లో ఇంకా కష్టం. కరెంటు తెగితే లోపలి చిప్ మళ్లీ మొదటికొచ్చి ఆఫ్‌లోనే ఉండిపోతుంది. చీకట్లో పల్లానికి దిగుతూ బటన్ వెతుక్కోవాలి.

కాబట్టి అంగట్లో మొట్టమొదట వెనక మూత విప్పి చూడండి. మూతలో ఒక స్ప్రింగు, బల్బు వైపు ఇంకో స్ప్రింగు ఉండాలి. తర్వాత సెల్లు వేసి, వెలిగించి, తోక వైపు అరచేతిలో గట్టిగా పది దెబ్బలు కొట్టండి. తల వైపు తిప్పి మళ్లీ పది. ఒక్కసారి రెప్ప కొట్టినా అది సైకిలుకు పనికిరాదు. అంగడాయన చిరాకు పడితే పడనివ్వండి.

మూడు సన్న పెన్సిల్ సెల్లులను ప్లాస్టిక్ గూట్లో పెట్టి తోసే టార్చిలది ఇంకో అవస్థ. మూడు సెల్లులకు రెండేసి కొనలు, గూటికి రెండు కొనలు, మొత్తం ఎనిమిది చోట్ల లోహం లోహాన్ని తాకాలి. ఏ ఒక్కటి వదులైనా చీకటే. ఆ గూడు తీసి ప్లాస్టిక్ తొడుగుతో 18650 వేసుకునే రకాలూ ఉన్నాయి. తొడుగు లోపల సెల్లు గలగలలాడుతుంది. సెల్లు చుట్టూ దళసరి కాగితం బిగుతుగా చుడితే కొంత నయం. సెల్లు చివర మడిచిన వెండి కాగితమో, అయస్కాంతం ముక్కో పెట్టే చిట్కా మాత్రం వద్దు. కుదుపుకు అది పక్కకు జరిగి ప్లస్‌నూ, సెల్లు అంచునూ కలిపిందంటే షార్టయ్యి సెల్లు మండిపోయే ప్రమాదం ఉంది.

జూమ్ టార్చి ఎందుకు వద్దు

మెడ పట్టుకుని ముందుకు లాగితే వెలుతురు సన్నబడే జూమ్ టార్చి ప్రతి అంగట్లోనూ వేలాడుతుంది. ధర తక్కువ, గోడ మీద వేస్తే మెరుపు బాగుంటుంది. సైకిలుకు మాత్రం మూడు విధాలా చెడ్డది. సన్నం చేస్తే దూరంగా చతురస్రం ఒకటి పడుతుంది, అది ఎల్‌ఈడీ ముక్క ప్రతిబింబమే. దాని చుట్టూ వెలుతురు ఉండదు కాబట్టి ముందు చక్రం పక్కనున్న గుంత కనపడదు. వెడల్పు చేస్తే వెలుతురంతా పలచబడి దూరానికి అందదు. కుదుపులకు ఆ మెడ తనంతట తానే జారుతుంది. పైగా మెడ లాగిన ప్రతిసారీ గాలి లోపలికి వెళ్లాలి, ఆ దారినే నీళ్లూ వెళ్తాయి. అద్దం వెనక గిన్నెలాంటి రిఫ్లెక్టరు ఉన్నదే తీసుకోండి. నడిమధ్య గట్టి వెలుగు, చుట్టూ వెడల్పాటి పలచని వెలుగు వస్తాయి. సైకిలుకు రెండూ కావాలి.

జూమ్ టార్చిల మీద తరచూ 'టీ6' అని రాసుంటుంది. అది బల్బు పేరు కాదు. క్రీ కంపెనీ ఒక రకం ఎల్‌ఈడీలను వెలుతురు స్థాయిని బట్టి వేరు చేసుకోవడానికి పెట్టుకున్న గుర్తు. లోపల ఉన్నది క్రీ వాళ్లదేనన్న భరోసా ఆ రెండక్షరాలు ఇవ్వవు.

ఎంత వెలుతురు కావాలి

దీనికి లెక్క ఉంది. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5.6 మీటర్లు. అడ్డమొచ్చినదాన్ని చూసి బ్రేకు పట్టేలోపు ఒకటిన్నర సెకన్లు పోతాయి, అంటే 8 మీటర్లు. ఓ మోస్తరు బ్రేకు పడితే ఆగడానికి ఇంకో 5 మీటర్లు. మొత్తం 13, 14 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్లయితే అది 24 మీటర్లకు పెరుగుతుంది. రాడ్ బ్రేకులున్న పాతరకం సైకిలుకు స్టీలు రిమ్ము తడిస్తే ఈ లెక్కలు చెల్లవు. వానలో ఇంకా ముందే కనపడాలి, ఇంకా నిదానంగా పోవాలి.

వీధి దీపాలున్న తిరుచానూరు రోడ్డులాంటి చోట 150, 200 ల్యూమెన్లు చాలు (టార్చి ఇచ్చే మొత్తం వెలుతురును కొలిచే లెక్క ల్యూమెన్). ఊరు దాటి చంద్రగిరి వైపో, కరకంబాడి వైపో పోయే చీకటి దారికి 300 నుంచి 400 ల్యూమెన్లు నిలకడగా వస్తే ఏ లోటూ ఉండదు. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ లాంటి పల్లాల్లో వేగం పెరుగుతుంది కాబట్టి కాసేపు 600 దాకా ఉంటే మేలు. వెయ్యి, రెండు వేలు అన్నవి ఎదుటివాళ్ల కళ్లకే తప్ప మీకు ఉపయోగం లేదు.

నిలకడ అన్న మాట దగ్గరే పెట్టె మీది అంకెలు మోసం చేస్తాయి. టార్చిలను కొలిచే అమెరికన్ ప్రమాణం ఒకటుంది, పేరు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1. దాని ప్రకారం వెలుతురును వెలిగించిన 30 సెకన్లకు కొలుస్తారు. ఎంతసేపు వెలుగుతుందన్న లెక్క మాత్రం ఆ వెలుతురు పదో వంతుకు పడిపోయేదాకా సాగుతుంది. అందుకే '1000 ల్యూమెన్లు, 3 గంటలు' అని నిజాయతీగానే రాసినా, ఆ వెయ్యి రెండు మూడు నిమిషాలే ఉండొచ్చు. వేడెక్కగానే సర్క్యూటు తగ్గించేస్తుంది. సమయాన్ని బట్టి వెలుతురు ఎలా మారుతుందో చూపే గీత (గ్రాఫు) కంపెనీ ఇచ్చి ఉంటే ఆ గీత చూడండి. రెండు గంటల పాటు బల్లపరుపుగా పోయే గీత కావాలి.

దూరం అంకెకూ ఇంతే. 'బీమ్ 120 మీటర్లు' అంటే ఆ దూరంలో పడే వెలుతురు 0.25 లక్స్, అంటే పున్నమి వెన్నెలంత. దాన్ని ఆరుతో భాగించండి. 20 మీటర్లు వస్తుంది. ఆ దూరంలో సుమారు 9 లక్స్ పడుతుంది, గుంత పోల్చుకోవడానికి అది పనికొచ్చే వెలుతురు. పెట్టె మీద 100 నుంచి 150 మీటర్లున్న టార్చి సైకిలుకు సరిగ్గా సరిపోతుంది. 300, 400 మీటర్లన్నది సన్నటి గీతలా పడుతుంది, పక్క నుంచి రోడ్డెక్కే ఎనుము కనపడదు.

రంగు విషయంలో (పెట్టె మీద దాన్ని కెల్విన్ అంకెతో చెప్తారు) నీలం ఛాయ కొట్టే 6500 కెల్విన్ కంటే 4000, 5000 కెల్విన్ మధ్య ఉండే తెలుపు మేలు. మట్టి, తారు, ఎండిన పేడ వేరువేరుగా కనిపిస్తాయి.

సెల్లు: అసలు మోసం ఇక్కడే

18650 సైజులో పేరున్న కంపెనీల సెల్లులకు మామూలుగా ఉండే నిజమైన కెపాసిటీ మహా అయితే 3500 ఎంఏహెచ్ (సెల్లు ఎంత చార్జి దాచుకుంటుందన్న లెక్క) చుట్టుపక్కలే. శాంసంగ్ 35ఈ, ఎల్‌జీ ఎంజే1 రెండూ 3500. పానాసోనిక్ ఎన్‌సీఆర్18650బీ 3400. శాంసంగ్ 30క్యూ 3000. ప్రపంచంలో పేరున్న తయారీదార్లే అక్కడ ఆగితే, ఎర్ర కాగితం చుట్టిన సెల్లు మీద 9900 అని ఎలా వచ్చింది? పేరు గొప్ప, ఊరు దిబ్బ. వాటిలో వెయ్యి కూడా ఉండనివి ఎన్నో. కిరాణా అంగట్లో డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. 40 గ్రాముల లోపు తూగితే తీసి పక్కన పెట్టండి. 45 పైన తూగినా అసలుదని తేలినట్టు కాదు, లోపల వేరేదేదైనా నింపి బరువు పెంచి ఉండొచ్చు. నకిలీని పట్టుకోవడానికే బరువు పనికొస్తుంది, అసలుదని నిరూపించడానికి కాదు. మన దేశంలో అమ్మే లిథియం సెల్లుకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అన్న అంకె, 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి.

అసలు పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. టార్చి ఎంత కరెంటు లాగుతుందో తెలిస్తే చాలు. 1.4 ఆంపియర్లు లాగే టార్చి నిండా చార్జయిన 3000 ఎంఏహెచ్ సెల్లుతో రెండు గంటల పైచిలుకు వెలగాలి. నలభై నిమిషాలకే మసకబారితే ఆ సెల్లులో వెయ్యి ఎంఏహెచ్ కూడా లేదు.

300 ల్యూమెన్లకు మంచి ఎల్‌ఈడీ సుమారు 3 వాట్లు తీసుకుంటుంది. 3000 ఎంఏహెచ్, 3.6 వోల్టుల సెల్లులో 10.8 వాట్ అవర్లు ఉంటాయి. సర్క్యూటులో వృథా పోను మూడు గంటలు వస్తుంది. రోజుకు గంట తొక్కేవాళ్లు రెండు రోజులకోసారి చార్జి పెట్టుకుంటే చాలు.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన సెల్లు చౌకే, కానీ 2.5 వోల్టుల కంటే కిందికి పోయినదాన్ని మళ్లీ చార్జి చేసే సాహసం వద్దు. ప్లస్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చుట్టు చిరిగిన సెల్లునూ వాడకండి. రక్షణ సర్క్యూటు ఉన్న సెల్లు మామూలు సెల్లు కంటే రెండు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుంటుంది, కొన్ని టార్చిల్లో మూత బిగుసుకోదు. బల్బు వైపు స్ప్రింగు లేని కొన్ని రకాలకు ప్లస్ మీద బొడిపె ఉన్న సెల్లే కావాలి. టార్చిని తీసుకెళ్లి సెల్లు వేసి చూసి కొనడం క్షేమం.

టార్చికే టైప్ సీ చార్జింగ్ రంధ్రం ఉంటే ఒక చిక్కు. చౌక రకాల్లో రెండు చిన్న రెసిస్టర్లు పెట్టరు. అందువల్ల రెండు వైపులా టైప్ సీ ఉన్న కొత్త కేబులుతో చార్జి ఎక్కదు, పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబులుతోనే ఎక్కుతుంది. టార్చి పాడైందని తిరిగి ఇచ్చేసేవాళ్లలో కొందరి సమస్య ఇదే. సెల్లు బయటికి తీయడానికి వీల్లేని టార్చి మాత్రం తీసుకోకండి. సెల్లుతోపాటే దాని ఆయుష్షూ తీరిపోతుంది.

కట్టడం, వంచడం

హ్యాండిల్ గొట్టం పట్టుకునే చోట 22.2 మిల్లీమీటర్లు, నడిమధ్య 25.4 గానీ 31.8 గానీ ఉంటుంది. అంగట్లో దొరికే తిరిగే ప్లాస్టిక్ క్లాంపు ఈ తేడాకు సర్దుకోలేక జారుతుంది. కింద పాత సైకిలు ట్యూబు ముక్క రెండు చుట్లు వేసి, దాని మీద క్లాంపు బిగించండి. క్లాంపే లేకపోయినా రెండు సెంటీమీటర్ల వెడల్పున కోసిన ట్యూబు పట్టీని హ్యాండిల్ మీదా టార్చి మీదా ఎనిమిది అంకెలా సాగదీసి నాలుగు చుట్లు చుడితే కదలదు. ఎండకు రబ్బరు పగులుతుంది, ఆర్నెల్లకోసారి మార్చాలి. టార్చి వెనక రంధ్రంలోంచి ఒక దారం హ్యాండిల్‌కు కట్టి ఉంచండి. క్లాంపు విరిగినా టార్చి చక్రంలో పడదు.

ముందు బుట్ట ఉంటే హ్యాండిల్ మీది లైటు బుట్ట నీడనే రోడ్డు మీద వేస్తుంది. అప్పుడు బుట్ట ముందుకో, ఫోర్కు పక్కకో దించాలి. నిజానికి కిందికి దించడంలో లాభం ఉంది. వెలుతురు రోడ్డును ఏటవాలుగా తాకి ప్రతి గుంత వెనకా పొడుగాటి నీడ పడుతుంది, లోతు తెలుస్తుంది. తలకు కట్టుకునే లైటుతో దీనికి సరిగ్గా వ్యతిరేకం. కన్నూ లైటూ ఒకేచోట ఉండడంతో నీడలు కనపడవు, గుంత నున్నటి మచ్చలా కనిపిస్తుంది.

టార్చి వెలుతురు గుండ్రం. జర్మనీ నిబంధనల ప్రకారం చేసే సైకిలు లైట్ల వెలుతురు పైభాగం కత్తిరించినట్టు ఉంటుంది, టార్చికి అది లేదు. కాబట్టి వంచడం మీ పనే. గోడకు 5 మీటర్ల దూరంలో సైకిలు నిలబెట్టండి. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద దానిలో సగం ఎత్తున సుద్దతో గీత పెట్టండి. నడిమి వెలుగు ఆ గీత మీద పడితే రోడ్డు మీద 10 మీటర్ల దూరంలో పడుతుందన్నమాట. గీతను ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర పెడితే 15 మీటర్లు. టార్చి తలకు పైన మూడు సెంటీమీటర్ల ట్యూబు ముక్కను టోపీ అంచులా కడితే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడే వెలుతురు బాగా తగ్గుతుంది. టపటపా కొట్టుకునే మోడ్ చీకటి రోడ్డు మీద వద్దే వద్దు. మీరెంత దూరంలో ఉన్నారో ఎదుటి బండికి అంచనా దొరకదు.

వాన, ఎండ

మన తిరుపతి, చిత్తూరు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పెట్టె మీద ఐపీఎక్స్4 అంటే చినుకులకు ఓర్చుకుంటుంది, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. సైకిలుకు 4 ఉంటే గడుస్తుంది, 7 ఉంటే నిశ్చింత. నీళ్లు దూరేది చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత దగ్గరే ఎక్కువ, అది సరిగ్గా నొక్కుకుందో లేదో చూసుకోవాలి. మరల దగ్గరున్న రబ్బరు రింగులకు మూడు నెలలకోసారి కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే చాలు.

మే నెల ఎండలో నిలబెట్టిన సైకిలుకు నల్లటి టార్చిని వదిలేయకండి. నిండా చార్జయిన లిథియం సెల్లు వేడిలోనే తొందరగా ముసలిదవుతుంది. రైల్వే స్టేషను స్టాండులో వదిలేస్తే ఎండ కంటే ముందు ఇంకెవరో తీసుకుపోతారు, అది వేరే సంగతి.

పేరు చెప్పి ఒకటి

ఇన్ని షరతులకు నిలిచే సాదా టార్చి కాన్వాయ్ ఎస్2 ప్లస్. రెండు వైపులా స్ప్రింగులు, రిఫ్లెక్టరు, 24 మిల్లీమీటర్ల గొట్టం, ఒక 18650 సెల్లు. దాని సర్క్యూటులో 7135 అనే చిప్‌లు ఉంటాయి, ఒక్కొక్కటి 350 మిల్లీ ఆంపియర్లు వదులుతుంది. మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది చిప్‌ల రకాలు ఉన్నాయి. సైకిలుకు నాలుగు చిప్‌లది తీసుకోండి. 1.4 ఆంపియర్లు, నాలుగు వందల చిల్లర ల్యూమెన్లు, రెండు గంటలు. ఎనిమిది చిప్‌లది వెలుతురు ఎక్కువిస్తుంది, చిన్న ఒళ్లు కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతుంది, గంటకే సెల్లు అయిపోతుంది. పలు మోడ్ సెట్లున్న సర్క్యూటుదైతే అందులోంచి టపటపా కొట్టుకోని సెట్టును ఎంచుకోవచ్చు. టార్చిని ఎక్కడి నుంచి తెప్పించుకున్నా సెల్లును మాత్రం మన ఊళ్లోనే, నమ్మకమైన ఎలక్ట్రానిక్ విడిభాగాల అంగట్లో విడిగా కొనండి.

డబ్బు ఇంకాస్త ఉంటే వెయ్యి ల్యూమెన్ల ఒక్క టార్చి కంటే ఇలాంటివి రెండు నయం. ఒకటి హ్యాండిల్ మీద, ఒకటి సంచిలో. మిగిలిన చిల్లరతో వెనక ఎర్ర లైటు కొనండి, మామూలు టార్చికి ఎర్ర కాగితం చుట్టి సరిపెట్టకండి. క్యారియర్ మీది మూటకు చాటు కాకుండా మడ్గార్డు మీద బిగించండి, దాని కింద రిఫ్లెక్టరు ఉండనివ్వండి. విడి సెల్లును జేబులో తాళాలు, చిల్లర మధ్య వేసుకోకండి. మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి.